మేకా? నాణెమా?

దుక్కిలో మెటల్ డిటెక్టరు మోగగానే గునపం ఎత్తకండి. ముందు చెవికి బడి పెట్టాలి. పాత రాగి కానీ ఒకటి, తుప్పుమేకు ఒకటి బెత్తెడు లోతున వేర్వేరుగా పాతి, రెండింటి మోతా వినండి. ఇప్పటి రూపాయి బిళ్ళ ఉక్కుది, ఈ పరీక్షకు పనికిరాదు.

ఇక పొలంలో మోగినచోట తూర్పుపడమరలుగా ఒకసారి, ఉత్తరదక్షిణాలుగా ఒకసారి పళ్ళెం ఆడించి చూడండి. రెండు తీరులా ఒకేలా మోగితే నాణెం కావచ్చు. అల్యూమినియం ముక్కయినా కావచ్చు. ఒకవైపు మోగి, మరోవైపు తెగిందా, సాధారణంగా అది మేకే.

మేకేగదా అని గట్టున పారవేయకండి. మేతతోబాటు పశువు మింగితే అది గుండెదాకా గుచ్చుకొని ప్రాణం తీయవచ్చు. ఇక పాతనాణేలే బయటపడితే దాచుకోకండి. పది రూపాయల విలువ మించిన నిక్షేపాన్ని కలెక్టరుగారికి వ్రాతమూలంగా తెలపాలన్నది 1878 నాటి చట్టం.