ఏప్రిల్ 23కే "ఇగ మనోళ్లు ఇంటికే"నా?

ఏప్రిల్ మూడో వారం దాటితే మందమర్రి చాయ్ హోటళ్లలో సన్‌రైజర్స్ మీద తీర్పు వచ్చేస్తుంది: "ఇగ మనోళ్లు ఇంటికే అన్నా." అప్పటికి ఇంకా ఆరేడు మ్యాచ్‌లు మిగిలే ఉంటాయి. ఇంత తొందరగా ఆశ వదులుకోవడం సబబేనా? లెక్క చూస్తే చాలాసార్లు సబబే. కాకపోతే జనం తిట్టేది ఒకదాన్ని, ముంచేది మరొకటి.

ఐపీఎల్‌లో ఒక్కో జట్టుకు 14 లీగ్ మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, వాన పడి రద్దయితే 1. పది జట్లు ఆడుతున్న 2022 నుంచి 2025 దాకా నాలుగో స్థానంలో ప్లేఆఫ్‌కు చేరిన జట్ల పాయింట్లు వరుసగా 16, 16, 14, 16. అంటే మామూలుగా ఎనిమిది గెలుపులు కావాలి. బొగ్గుబాయి దిగేవాళ్లకు ఇది తెలిసిన లెక్కే: ఏడాదిలో 190 మస్టర్లు (హాజరీలు) నిండాలి, ముందు నెలల్లో నాగాలు ఎక్కువైతే డిసెంబర్ అంతా దిగినా అంకె అందదు.

ప్రతి మ్యాచ్‌కూ గెలుపోటములు బొమ్మాబొరుసే అనుకుందాం. ఎనిమిది మ్యాచ్‌లయ్యేసరికి నాలుగు గెలిచి ఉంటే, మిగిలిన ఆరింట్లో కనీసం నాలుగు గెలిచే అవకాశం 34 శాతం. మూడే గెలిచి ఉంటే 11 శాతం. రెండే అయితే ఆరుకు ఆరూ కావాలి: 64లో ఒక వంతు, 1.6 శాతం.

2025 ఏప్రిల్ 23న సన్‌రైజర్స్ ఉన్నది సరిగ్గా అక్కడే, ఎనిమిదింట రెండు. రాజస్థాన్‌పై 286 కొట్టి సీజన్ మొదలుపెట్టిన జట్టు ఆ వెంటనే వరుసగా నాలుగు ఓడింది. మే 5న ఉప్పల్‌లో ఢిల్లీతో మ్యాచ్ వానకు కొట్టుకుపోయి దారి మూసుకుపోతే అందరూ వాననే తిట్టారు. పాపం వాన! అప్పటికే పదింట్లో మూడే గెలుపులు. మిగిలిన నాలుగూ గెలిచినా వచ్చేది 14, ఆ ఏడాది గీత 16 దగ్గర పడింది. పైగా అంతకుముందు ఏడాది, 2024 మే 16న, అదే ఉప్పల్‌లో గుజరాత్ మ్యాచ్ వానకు రద్దయితే వచ్చిన ఒక్క పాయింటే మనల్ని ప్లేఆఫ్‌కు చేర్చింది. అప్పుడు వానను పొగిడినవాళ్లు నాకు గుర్తులేరు.

ఈ తొందర విషయంలో బేస్‌బాల్ అభిమానికి మనకంటే ఓపిక ఎక్కువ. అమెరికాలో మేజర్ లీగ్ జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అక్కడ ఒక ఓటమి సీజన్‌లో 0.6 శాతం, ఇక్కడ 7 శాతం. అయితే నిరాశ అక్కడా ఉంటుంది. 2011 సెప్టెంబర్‌లో బోస్టన్ రెడ్‌సాక్స్ 27 మ్యాచ్‌ల్లో ఏడే గెలిచి, తొమ్మిది మ్యాచ్‌ల ఆధిక్యాన్ని పోగొట్టుకుని ప్లేఆఫ్‌కు దూరమైంది.

మళ్లీ ఐపీఎల్‌కు వస్తే, పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్ చూస్తారు. ఓవర్‌కు మనం కొట్టిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేయడమే. ఇందులో ఒక మెలిక ఉంది: ఆలౌటైతే పూర్తి 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క. 2025 ఏప్రిల్ 3న కోల్‌కతా 200 చేస్తే మనవాళ్లు 16.4 ఓవర్లలో 120కి ఆలౌట్. కాబట్టి మన రేటు 7.2 కాదు, 6. ఆ ఒక్క మ్యాచ్‌కు మైనస్ 4. సీజన్ మొత్తం మీద దాదాపు 0.3 భారం.

బొమ్మాబొరుసు లెక్కకు అందనివీ ఉన్నాయి. 2024లో బెంగళూరు ఎనిమిదింట ఒకటే గెలిచి, తర్వాత ఆరుకు ఆరూ గెలిచింది. 14 పాయింట్లతో చెన్నైతో సమానమై, రన్‌రేట్‌తో గట్టెక్కింది. ఎనిమిది జట్లే ఉన్న 2020లో సన్‌రైజర్స్ 11 మ్యాచ్‌లకు నాలుగే గెలిచింది. చివరి మూడూ గెలిచే అవకాశం 12.5 శాతం. మూడూ గెలిచారు. ఆఖరిది నవంబర్ 3న షార్జాలో ముంబయిపై, పది వికెట్ల తేడాతో. అగ్రస్థానం అప్పటికే ఖాయం చేసుకున్న ముంబయి ఆ రోజు బౌలర్లు బుమ్రాకు, బౌల్ట్‌కు విశ్రాంతి ఇచ్చింది.