మీకు తెలుసా? పుంజా, పెట్టా: పిల్లప్పుడే తెలిసేదెలా?

ఝరాసంగం పల్లెల్లో పెరటి కోళ్లు పెంచే ఇంట్లో కోడి పొదిగి పిల్లలు చేయగానే పుట్టే ప్రశ్న ఇదే. గుడ్లు పెట్టేవి ఎన్ని, అమ్ముకునేవి ఎన్ని?

• కోసు గుడ్డులోంచి పుంజు, గుండ్రటి గుడ్డులోంచి పెట్ట వస్తుందన్నది నిజం కాదు. కోళ్లలో లింగాన్ని నిర్ణయించేది తల్లి ఇచ్చే క్రోమోజోమ్.

• ఒక్కరోజు పిల్ల విసర్జన ద్వారాన్ని మెల్లగా తెరిచి, లోపలి చిన్న బుడిపెను చూసి గుర్తించే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్తలు 1920లలో వెలుగులోకి తెచ్చారు. శిక్షణ లేనివారు ప్రయత్నిస్తే పిల్ల పేగులు దెబ్బతిని చచ్చిపోవచ్చు.

• పుంజు, పెట్టలను గుర్తించడం కోసమే ప్రత్యేకంగా సంకరం చేసిన కొన్ని రకాల్లో రెక్క చూస్తే చాలు. పెట్టపిల్లకు రెక్క ఈకలు పైవరస ఈకలకన్నా పొడవుగా ఉంటాయి. పుంజుపిల్లకు సమానంగానో, పొట్టిగానో ఉంటాయి. మామూలు నాటు పిల్లల్లో ఈ గుర్తును నమ్మలేం.

• నాటుకోళ్లకు ఓపికే మార్గం. సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు పుంజుల జుట్టు పెద్దదై ఎర్రబారుతుంది, కాళ్లు లావెక్కుతాయి. సుమారు మూడు నెలలకు నడుము మీద సన్నటి, మొనదేలిన ఈకలు దిగుతాయి. పెట్టలకవి గుండ్రంగానే ఉంటాయి.

• హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే గ్రామప్రియ, వనరాజ రకాలను రూపొందించింది. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ పెట్టపిల్లలను అడిగి తెచ్చుకోండి. మేత వృథా కాదు.