ఎండను కరెంటుగా మార్చాలా?

సోలార్ అనగానే మేడ మీది ప్యానెళ్లే గుర్తొస్తాయి. చిన్న వ్యాపారులకు సబ్సిడీ అన్నా, లోను అన్నా మాటంతా వాటి చుట్టూనే. తినుబండారాలు చేసి అమ్ముకునేవాళ్లకు మాత్రం కరెంటు కన్నా వేడితోనే ఎక్కువ పని.

విజయనగరం జిల్లా భీమాలి మామిడి తాండ్ర సంగతే చూడండి. చాప మీద రసం పోయాలి, ఆరాక దాని మీద ఇంకో పొర, ఆపైన మరోటి. మే నెలలో గాలివాన కొట్టిందా, చేసిందంతా నీళ్లపాలే. 100 కిలోల రసంలో సుమారు 80 కిలోలు నీరే. అందులో 75 కిలోల దాకా పోతేగాని తాండ్ర కాదు. కిలో నీరు ఆవిరవడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతుల శక్తి కావాలి. అంటే మొత్తం 50 యూనిట్లు! కిలోవాట్ ప్యానెళ్లు మన దగ్గర రోజుకిచ్చేది నాలుగైదు యూనిట్లే. వాటికి హీటర్ తగిలించి ఆరబెట్టడం శుద్ధ దండగ.

దానికన్నా ఎండ వేడిని నేరుగా వాడుకోవడమే మేలు. అందుకు పనికొచ్చే సోలార్ డ్రయ్యర్‌లో పైన గాజు, లోపల నల్లరంగు పూసిన రేకు ఉంటాయి. రేకు మీదుగా వెళ్లిన గాలి వేడెక్కి ట్రేల మధ్య నుంచి బయటికి పోతుంది. 30 డిగ్రీల దగ్గర 70 శాతం సాపేక్ష తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే, అందులోని నీరు ఏమాత్రం తగ్గకపోయినా సాపేక్ష తేమ సుమారు 24 శాతానికి పడిపోతుంది. ఆ గాలి తగిలినచోటల్లా తడి లాగేస్తుంది. దాన్ని నడిపే ఫ్యానుకు చిన్న ప్యానెల్ చాలు. ఎండ పెరిగితే ఫ్యాను జోరూ పెరుగుతుంది, మబ్బేస్తే తగ్గుతుంది. బ్యాటరీ లేకున్నా నడుస్తుంది.

అలాగని వేడి మరీ పెంచితే చేటే. పైపొర బిగుసుకుపోయి లోపలి తడి బయటికి రాదు. చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది, డబ్బాలో పెట్టాక బూజు పడుతుంది.

మహారాష్ట్రకు చెందిన ఎస్4ఎస్ టెక్నాలజీస్‌కు 2023లో పర్యావరణ పరిష్కారాలకిచ్చే ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. పల్లెల్లో ఆడవాళ్లు దాని డ్రయ్యర్లలో కూరగాయలు ఎండబెడతారు. ఆ సరుకును సంస్థే ఆహార కంపెనీలకు అమ్మిపెడుతుంది. నన్నడిగితే, యంత్రం కన్నా ఈ అమ్మిపెట్టడమే గొప్ప.

మామిడి కాపు వేసవితో సరి. డ్రయ్యర్ కొనాలనుకునేవారు ధర అడగడానికి ముందే, మిగతా నెలల్లో అందులో కరివేపాకు వేస్తారో, మునగాకు వేస్తారో, అది ఎవరు కొంటారో లెక్క రాసి చూసుకోండి.