గుత్తి వదులైతే కుళ్లు దూరం
కాడను సాగదీసే జన్యువు వేరు, బూజును ఆపే జన్యువు వేరు

అక్టోబరు కత్తిరింపు పూర్తయిన నాటి నుంచి హైదరాబాద్‌ పరిసరాల ద్రాక్ష రైతు చూపంతా ఆకాశం వైపే. ఆ రోజుల్లో వాన పడితే లేత చిగుళ్లకు, పూగుత్తులకు బూజు తెగులు సోకుతుంది. ఒకనాడు ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన అనాబెషాహి రకం దీనికి త్వరగా లొంగుతుంది. గింజలేని థాంప్సన్‌దీ అదే పరిస్థితి. పైగా దానికి గుత్తి బిగువు మరో చిక్కు.

బిగువైన గుత్తిలో పండ్లు ఊరే కొద్దీ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. ఆ చోట తొక్కపై మైనపు పొర పలుచబడుతుంది. లోపల గాలి ఆడదు, తడి ఆరదు. ఒక్క పండు పగిలి రసం కారినా కుళ్లు చుట్టూ పాకుతుంది. పిచికారీ చేసిన మందు గుత్తి నడిమికి చేరదు. అందుకే రైతులు జిబ్బరెల్లిక్‌ ఆమ్లంతో కాడలను సాగదీస్తారు, కూలీలను పెట్టి పిందెలను పలుచన చేయిస్తారు. ఈ ఖర్చు ఏటా తప్పదు.

ఐరోపాలో పేరొందిన పినో నోయిర్‌ రకంలో కొన్ని తీగలకు మాత్రం గుత్తులు సహజంగానే వదులుగా వస్తాయి. జీఆర్‌ఎఫ్‌4 అనే జన్యువులోని చిన్న మార్పే ఇందుకు కారణమని 2020లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. మామూలు తీగలో ఈ జన్యువు జోరును ఒక సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ అదుపులో ఉంచుతుంది. అది అతుక్కునే చోటే మారిపోవడంతో పట్టు సడలి, కణాలు అధికంగా ఏర్పడి పండు కాడలు పొడవవుతున్నాయి.

అయితే వదులు గుత్తి కుళ్లును తగ్గించగలదే గాని బూజు తెగులును ఆపలేదు. బూజు ఆకు అడుగున ఉండే సూక్ష్మ రంధ్రాల గుండా చొరబడుతుంది. దానిని పసిగట్టి, సోకిన చోటి కణాలను చంపి అడ్డుకట్ట వేసే జన్యువులు అమెరికా, ఆసియా అడవి ద్రాక్షలలో ఉన్నాయి. వాటిలో ఆర్‌పీవీ1 అమెరికాలోని మస్కడైన్‌ ద్రాక్షది. ఒక్క జన్యువునే నమ్ముకుంటే ముప్పే. ఆర్‌పీవీ3 గల బియాంకా రకాన్ని సైతం లొంగదీసిన బూజు చెక్‌ రిపబ్లిక్‌లో బయటపడినట్లు 2010లో తేలింది. అందువల్లే రెండు మూడు జన్యువులను ఒకే తీగలో చేర్చే పద్ధతి వచ్చింది.

మన దేశంలో పుణేలోని అగార్కర్‌ పరిశోధన సంస్థ అమెరికా జాతి రక్తమున్న కటావ్బాను బ్యూటీ సీడ్‌లెస్‌తో సంకరపరచి ఏఆర్‌ఐ-516ను రూపొందించింది. శిలీంధ్ర తెగుళ్లను తట్టుకునే ఈ రకం ప్రధానంగా రసానికి అనుకూలం.

డాగ్‌రిడ్జ్‌ వేరుపై అంటు కడితే తెగుళ్లూ తగ్గుతాయని ఎవరైనా భావిస్తే అది పొరపాటు. ఆ వేరు చౌడును, నీటి ఎద్దడిని తట్టుకునేందుకు మాత్రమే. పైన కట్టింది థాంప్సన్‌ అయితే ఆకూ, గుత్తీ థాంప్సన్‌వే.