పండు వేయకుండానే పండు వాసన: ఊలాంగ్ టీ విశేషాలు

పీచ్ ఊలాంగ్, లిచీ ఊలాంగ్, మామిడి ఊలాంగ్... పెద్ద దుకాణాల్లో ఈ డబ్బాలకు ఇప్పుడు కొదవ లేదు. మూత తీయగానే పండు వాసన గుప్పుమంటుంది. తాగితే మాత్రం కొన్నింట్లో టీ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఊలాంగ్ పుట్టింట్లో, అంటే చైనాలోని ఫుజియన్, గువాంగ్‌డాంగ్ కొండల్లో, తైవాన్‌లో, పండు వాసన రావడానికి పండే ఉండాలని లేదు. దాన్ని ఆకులోంచే రప్పిస్తారు. ఆ పనితనంలో తమాషాలు చాలానే ఉన్నాయి.

* * *

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ మూడూ ఒకే జాతి మొక్క ఆకులు. తేడా అంతా కోసిన తర్వాత జరిగే పనిలోనే. గ్రీన్ టీకైతే ఆకును త్వరగా వేడిచేసి ఆ పచ్చదనాన్ని నిలిపేస్తారు. బ్లాక్ టీకైతే బాగా నలిపి పూర్తిగా ఎర్రబడనిస్తారు. ఊలాంగ్‌కు ఆకును మొదట కాసేపు ఎండలో వాడ్చి, తర్వాత వెదురు చాటల్లో పలచగా పరిచి నీడకు చేరుస్తారు. గంటకోసారో రెండు గంటలకోసారో చాటను కుదుపుతూ ఆకుల్ని దొర్లిస్తారు. అంచులు ఒకదానికొకటి రాసుకుని కములుతాయి. అంచు ఎరుపెక్కుతుంది, నడుమ పచ్చగానే ఉంటుంది. చాలాచోట్ల ఈ పని తెల్లవార్లూ సాగుతుంది.

ఆ రాత్రి అసలు పని ముక్కుది. మొదట పచ్చిగడ్డి వాసన. అది తగ్గేకొద్దీ పూల వాసన తేలుతుంది. ఇంకా ఆగితే పండిన పండు వాసన వైపు జరుగుతుంది. ఏ ఘడియలో ఆకును వేడి బాణలిలో వేసి ఆ మార్పును ఆపాలో టీ చేసే పెద్దాయన చాటలో ముఖం పెట్టి వాసన చూసి తేలుస్తాడు. తొందరపడితే పసరు కంపు, ఆలస్యమైతే బ్లాక్ టీ.

* * *

పత్తి రైతుకు పచ్చదోమ పేరు చెబితేనే ఒళ్లు మండుతుంది. దాని దగ్గరి చుట్టం తైవాన్ తేయాకు తోటల్లో ఉంది. షించు, మియావోలి ప్రాంతాల్లో కొందరు రైతులు అది తోటలోకి రావాలని కోరుకుంటారు! మూడు మిల్లీమీటర్లు కూడా ఉండీ లేనట్టుండే ఆ పురుగు లేత చిగురుకు నోరు గుచ్చి రసం పీలుస్తుంది. చిగురు పసుపుబారి, ముడుచుకుని, గిడసబారుతుంది. దిగుబడి పడిపోతుంది. కానీ ఆ గాయానికి జవాబుగా మొక్క తనలో కొత్త సుగంధాలను పుట్టిస్తుంది. వాటిలో హోట్రియెనాల్ అనేది ముఖ్యమైనది. ఆ చిగుళ్లతో చేసిన టీలో తేనె, మాగిన పీచ్, మస్కట్ ద్రాక్ష కలగలిసిన వాసన వస్తుంది. తేనె చుక్క వేయరు, పండు ముక్క కలపరు.

దీన్ని ‘ఓరియెంటల్ బ్యూటీ’ పేరుతో అమ్ముతారు. ఆ పేరు బ్రిటన్ రాణి పెట్టిందని ఒక కథ. ఏ రాణి అని అడిగితే ఒకరు విక్టోరియా అంటారు, ఇంకొకరు ఎలిజబెత్ అంటారు. కథను కథగానే తీసుకోవడం మంచిది. ఊళ్లోవాళ్లు పెట్టుకున్న పాత పేరు నాకు ఇంకా నచ్చింది: ‘గప్పాలరాయుడి టీ’. పురుగు కొట్టిన ఆకు పారేయడానికి మనసొప్పక ఒక రైతు టీ చేసి పట్నం తీసుకెళ్లాడట. అది మంచి ధరకు అమ్ముడుపోయింది. ఆ సంగతి ఊళ్లో చెబితే, గప్పాలు కొడుతున్నాడని అందరూ నవ్వారట. ఇప్పుడు మేలిరకం ఓరియెంటల్ బ్యూటీ ధర తైవాన్ టీలన్నిటిలో పై వరసలో ఉంటుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. పురుగు మందు కొడితే ఈ టీయే లేదు. ఆకు రసం పీల్చేవాడు బతికుండాలి కదా!

* * *

ఇంత దూరం ఎందుకు, మన డార్జిలింగ్‌లోనూ ఇదే జరుగుతుంది. మే, జూన్ నెలల్లో కోసే రెండో కాపు టీకి ‘మస్కటెల్’ వాసన అని పేరు. అక్కడా పచ్చదోమ జాతి పురుగుల పీల్పుకు అందులో పాత్ర ఉంది. 2004లో మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు దక్కింది డార్జిలింగ్ టీకే. అక్కడి కొన్ని తోటలు ఊలాంగ్ కూడా చేస్తున్నాయి.

* * *

గువాంగ్‌డాంగ్‌లోని చావోజౌ దగ్గర ఫీనిక్స్ కొండ ఉంది. అక్కడి ‘డాన్‌చోంగ్’ ఊలాంగ్‌లను వాటి వాసనను బట్టి విడదీసి పిలుస్తారు. వాటిలో ‘మీ లాన్ షియాంగ్’ అనే రకాన్ని లిచీ ఇష్టపడేవాళ్లు తప్పక రుచి చూడాలి. లిచీ పండు దాని దరిదాపుల్లోకి కూడా రాదు, అయినా గుటక దిగాక నోట్లో లిచీయే మిగులుతుంది.

అదే కొండ మీద ఇంకో రకం పేరు ‘బాతు రెట్ట’. నిజమే! తన మొక్కకున్న పరిమళం చూసి ఎవరైనా అంటు ఎత్తుకుపోతారేమోనని దాని యజమాని కావాలనే ఆ రోత పేరు పెట్టాడని చెప్పుకుంటారు. తర్వాత మర్యాదగా ఉండే వేరే పేరు పెట్టి చూశారు గానీ జనం పాతదాన్ని వదల్లేదు. ఇప్పుడు చైనా పట్నాల్లో కుర్రకారు ఈ టీని నిమ్మకాయతో తాగుతారు. పలచగా తరిగిన నిమ్మ చక్రాల్ని తొక్కతో సహా గ్లాసులో వేసి, కర్రతో నాలుగు పోట్లు పొడిచి, ఐసు వేసి, పైన చల్లటి టీ పోస్తారు. తొక్కలోని నూనె, టీలోని పూల వాసన బాగా జతకుదురుతాయి. ఇంట్లో చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైన పండ్ల ఊలాంగ్ లేదు.

* * *

పండునే డబ్బాగా వాడిన ఘనత తైవాన్‌లోని హక్కా అనే జనవర్గానిది. కొత్త సంవత్సరానికి దేవుడి ముందు పెట్టే పెద్ద నారింజ జాతి కాయ ఒకటుంది. చూడ్డానికి బంగారంలా ఉంటుంది, తింటే మన దబ్బకాయలా పళ్లు పులిసిపోతాయి. పారేయడం హక్కా ఇళ్లలో నేరంతో సమానం. అందుకని ముచిక దగ్గర గుండ్రంగా కోసి, లోపలి గుజ్జు తీసి, దాన్ని టీ ఆకుతో కలిపి, మళ్లీ కాయలోనే కూరుతారు. కోసిన మూత పెట్టి, దారంతో గట్టిగా కట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు, ఎండబెడతారు. మళ్లీ ఉడికిస్తారు, మళ్లీ ఎండబెడతారు. ఇలా పలుమార్లు అయ్యాక కాయ నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి నిలవుంటుంది. కావలసినప్పుడు పగలగొట్టి, తొక్కతో సహా ఒక ముక్కను వేడినీళ్లలో వేస్తారు. పుల్లగా, కాస్త చేదుగా ఉంటుంది. గొంతు నొప్పికి మంచిదని అక్కడి పెద్దవాళ్ల నమ్మకం.

* * *

చాలా రకాల ఊలాంగ్‌ను తయారీ చివర్లో నిప్పుల సెగ మీద కాస్తారు. తైవాన్ పాతకాలపు పనివాళ్లు దీనికి లాంగన్ పండు చెట్టు బొగ్గునే మెచ్చుకుంటారు. లాంగన్, లిచీ ఒకే కుటుంబం చెట్లు. సెగ తగ్గించి గంటలకొద్దీ కాస్తే తాజా పండు రుచి పోయి, ఎండు పండు రుచి వస్తుంది.

* * *

తైవాన్ ఊలాంగ్‌ను అమెరికాకు పరిచయం చేసింది జాన్ డాడ్ అనే బ్రిటిష్ వ్యాపారి. 1869లో రెండు ఓడల నిండా న్యూయార్క్‌కు పంపాడు. అంతకుముందు ఫుజియన్ నుంచి మొక్కలు తెప్పించి, రైతులకు అప్పులిచ్చి మరీ నాటించాడు.

జపాన్‌వాళ్లకు ఊలాంగ్ బాగా అలవాటైంది 1981లో డబ్బా పానీయంగా మార్కెట్లోకి వచ్చాక. ఒకయామా తెల్ల పీచ్ పండ్లకు పేరుమోసిన ఆ దేశంలో పీచ్ ఊలాంగ్‌కు ఆదరణ దొరకడంలో వింతేముంది?

* * *

ఇక తాగే పద్ధతి. టీ రుచి చూసే వృత్తివాళ్లు జుర్రున పెద్ద చప్పుడు చేస్తూ పీలుస్తారు. గాలితో కలిసిన టీ తుంపరగా మారి, వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. పండు రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు పనే. అనుమానముంటే ముక్కు మూసుకుని ఒక గుటక తాగండి. పీచ్ మాయమవుతుంది, వగరు మిగులుతుంది.

తైవాన్‌లో దీనికోసం సన్నగా పొడుగ్గా ఉండే ‘వాసన గిన్నె’ ఒకటి వాడతారు. టీని దాంట్లో పోసి వెంటనే తాగే గిన్నెలోకి ఒంపేస్తారు. ఖాళీ గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడిగా ఉన్నప్పుడు పూలు, చల్లారేకొద్దీ మాగిన పండు, చివర్లో పాకం వాసన వస్తాయి.

టీ రుచి పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది: 100 మిల్లీలీటర్ల మరిగే నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. ఇలాంటిదే ఆరు పేజీల పత్రం రాసినందుకు బ్రిటిష్ ప్రమాణాల సంస్థకు 1999లో నవ్వు పుట్టించే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ 6 నిమిషాలు లోపాలు పట్టుకోవడానికి. ఇంట్లో తాగడానికి రెండు మూడు నిమిషాలు చాలు.

ఎండాకాలంలో ఆకును చల్లటి నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. చల్లటి నీటిలో వగరు, చేదు తక్కువగా దిగుతాయి, తీపి వాసన ముందుకొస్తుంది. పండు ఊలాంగ్‌కు వేడి కంటే ఈ పద్ధతే బాగుంటుందని నా అభిప్రాయం.

* * *

డబ్బాల్లో వచ్చే పీచ్, మామిడి ఊలాంగ్‌లలో వాసన చాలావరకు ఆకు మీద చల్లిన సుగంధ ద్రవ్యానిదే. ఎండు పండు ముక్కలు కంటికి ఇంపు, రుచికి అంతంతమాత్రం. అది తప్పేమీ కాదు, మంచి ఆకు మీద చల్లితే హాయిగానే ఉంటుంది. ఆకు మంచిదో కాదో తేల్చుకోవడానికి అదే ఆకులో రెండోసారి, మూడోసారి వేడినీళ్లు పోయండి. చల్లిన వాసన మొదటి గిన్నెతోనే చాలామటుకు పోతుంది. తర్వాత వచ్చేది ఆకు సొంత రుచి. అది బాగుంటే మళ్లీ కొనండి, వట్టి పసుపు నీళ్లయితే ఆ డబ్బా జోలికి మళ్లీ పోవద్దు. మొదటిసారి ప్రయత్నిస్తున్నవాళ్లు చిన్న పొట్లంతో మొదలుపెట్టండి, పాలగిన్నెను మాత్రం దూరంగా ఉంచండి.