రూపాయికి పావలా ఎవరికి?

1998లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఒకావిడ భర్త చనిపోయారు. పరిహారం కోసం ఆమె మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మెట్లెక్కారు, పరిహారం వచ్చింది. కష్టం అక్కడితో తీరలేదు. వకీలుకు అప్పటికే పది లక్షల రూపాయల ఫీజు ఇచ్చానని, ఖాతాలో డబ్బు లేదని చెబుతున్నా వినకుండా 2014లో ఇంకో మూడు లక్షలకు చెక్కు రాయించుకున్నారని ఆమె కోర్టుకు మొరపెట్టుకున్నారు. ఆ చెక్కు బౌన్సయింది. భర్తను పోగొట్టుకున్న మనిషి, ఆయన ప్రాణానికి కట్టిన పరిహారం తాలూకు ఫీజు కోసం చెక్ బౌన్స్ కేసులో నిందితురాలయ్యారు.

తెలంగాణ నుంచి వెళ్లిన ఈ కేసును 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం చట్టవిరుద్ధమనీ, వృత్తిపరమైన దుష్ప్రవర్తన అనీ తేల్చి చెప్పింది. కొత్తగా పుట్టిన సూత్రం కాదిది. వసూలైన దాంట్లో సగం తీసుకుంటానని ఒప్పందం చేసుకున్న న్యాయవాదిని 1954లోనే ఆ కోర్టు తప్పు పట్టింది. తీర్పులో ఆయన పేరు కూడా రాయకుండా ‘జి’ అని మాత్రమే పేర్కొన్నారు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు ఉండకూడదు, వచ్చిన సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదు అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ఇరవయ్యోది స్పష్టంగా చెబుతోంది.

అయినా పర్సంటేజీ బేరం ఆగలేదు. ఎందుకంటే అది మొదలయ్యేది కోర్టులో కాదు, మార్చురీ బయట. పోస్టుమార్టం ఎప్పుడవుతుందా అని కూర్చున్న కుటుంబం దగ్గరికి ఒక బ్రోకరు వస్తాడు. ఎఫ్‌ఐఆర్ నంబరు అతనికి తెలుసు, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుసు. “అమ్మా, మీరు పైసా తియ్యక్కర్లేదు. ఖర్చంతా మేం పెట్టుకుంటాం. డబ్బులొచ్చాక చూసుకుందాం” అంటాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు. కాగితాలు తీయడానికి, గాయపడినవారికి వైకల్యం సర్టిఫికెట్ తేవడానికి, డాక్టరును సాక్ష్యానికి రప్పించడానికి నిజంగానే డబ్బు కావాలి. దినాలకే అప్పు చేసిన ఇంట్లో ఆ డబ్బు ఉండదు. అందుకే ఖాళీ వకాల్తా మీద, ఖాళీ చెక్కు మీద సంతకాలు పడతాయి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు చేతులు మారతాయి.

ఫీజు ఆలస్యంగా తీసుకోవడంలో తప్పేమీ లేదు. ఎంతో మంది ప్లీడర్లు అలా పేదల కేసులు నడిపి, ఒప్పుకున్న ఫీజే తీసుకుంటున్నారు. ఆ ఫీజును వచ్చిన మొత్తానికి ముడిపెట్టడమే నేరుగా కుటుంబం కంచంలో చెయ్యి పెట్టడం. ఎలాగో లెక్క వేస్తే తెలుస్తుంది.

ముప్పై రెండేళ్ల తాపీమేస్త్రి. నెలకు 15,000 రూపాయల సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నలభై ఏళ్ల లోపు సొంతంగా పని చేసుకునేవారికి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అంటే 21,000. నలుగురు ఆధారపడ్డ ఇల్లు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలేది నెలకు 15,750, ఏడాదికి 1,89,000. సరళా వర్మ కేసులో 2009లో ఇచ్చిన పట్టిక ప్రకారం ఆ వయసుకు దీన్ని 16తో గుణిస్తారు. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం.

ఇందులో రూపాయికి పావలా చొప్పున ఇస్తే పోయేది 7,56,000. ఏడాదికి 1,89,000 లెక్కన అది ఆ ఇంటికి సరిగ్గా నాలుగేళ్ల తిండి. పదహారేళ్ల గ్రాసం లెక్కగట్టి కోర్టు ఇస్తే, పిల్లల చదువులు నడవాల్సిన నాలుగేళ్లు మధ్యలో ఇంకొకరు పట్టుకుపోయినట్టు.

మార్చురీ బయట బ్రోకరు చేసే ఈ పనే ఇంగ్లండ్‌లో కంపెనీలు బహిరంగంగా చేసేవి. “ప్రమాదం జరిగిందా? ఫోన్ చేయండి” అని ప్రకటనలిచ్చి, బాధితుల పేర్లను న్యాయవాద సంస్థలకు అమ్ముకోవడమే ఒకప్పుడు వాటి ఆదాయం. మాంచెస్టర్‌లోని యాక్సిడెంట్ గ్రూప్ అనే పెద్ద కంపెనీ 2003లో కుప్పకూలి, ఉద్యోగులకు ఆ కబురు ఫోన్లలో మెసేజీగా పంపింది. ప్రమాద గాయాల కేసుల్లో పేర్లు అమ్ముకునే కమీషన్‌ను 2013 ఏప్రిల్ నుంచి నిషేధించారు. గెలిస్తే లాయరు తీసుకునే అదనపు ఫీజుకు 25 శాతం పరిమితి పెట్టారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ పావలా కూడా పడ్డ బాధకు, అప్పటికే జరిగిన నష్టానికి వచ్చిన డబ్బులోంచే. మున్ముందు పోయే సంపాదన, చేయించాల్సిన వైద్యం కోసం ఇచ్చిన సొమ్మును ఆ పరిమితి లెక్కలోకి రానివ్వరు. మన మేస్త్రి ఇంటికి వచ్చే ముప్పై లక్షలు దాదాపు మొత్తం మున్ముందు సంపాదనే. పర్సంటేజీని చట్టబద్ధం చేసిన దేశమే ముట్టుకోనివ్వని డబ్బు మీద ఇక్కడ చాటుగా బేరాలు సాగుతున్నాయి.

బ్రోకర్ల సంగతి చట్టం పట్టించుకోలేదని కాదు. 2023లో అడ్వకేట్స్ చట్టాన్ని సవరించి, కోర్టుల చుట్టూ తిరిగే దళారుల జాబితాలు ప్రకటించే అధికారం హైకోర్టులకు, జిల్లా జడ్జీలకు ఇచ్చారు. జాబితాకెక్కాక కూడా అదే పని చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ముప్పై లక్షల పరిహారం ముందు ఐదు వందల జరిమానా ఎవరిని ఆపుతుంది?

అంతకన్నా గట్టి అడ్డుకట్ట బ్యాంకు ఖాతా. పరిహారం సొమ్మును బాధితుల ఖాతాలోకే నేరుగా బదిలీ చేయించాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది. చదువు రానివారి డబ్బు, పిల్లల వాటా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాలని 1990ల నుంచే మార్గదర్శకాలున్నాయి. ఆ పాస్‌బుక్ సొంతదారు దగ్గరే ఉంటే బేరం సగం వీగిపోతుంది.

బ్రోకరు అమ్మే మొదటి సరుకు కూడా నిజానికి ఉచితమే. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ప్రమాదం గురించి 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాల్సింది పోలీసులే. ఆ రిపోర్టునే పరిహారం దరఖాస్తుగా తీసుకునే వీలు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లో ఉంది. స్టేషన్‌లో ఆ రిపోర్టు పంపారా అని అడగడం కుటుంబం హక్కు. అదే సెక్షన్‌లో దరఖాస్తుకు ఆరు నెలల గడువు కూడా ఉంది కాబట్టి, దినాలు కాగానే అడగాలి.

ఇక ప్లీడరు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మేస్త్రి భార్యకు, తల్లికి, పిల్లలకు ఆ హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే, ఖాళీ కాగితం మీద సంతకం పడకముందే ఈ మాట వాళ్లకు చెప్పండి. న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100.