కారణం దొరకని పక్షవాతం

పక్షవాతం అనగానే మనకు ముసలితనం, బీపీ, షుగరు గుర్తొస్తాయి. అయితే మైపాడు, తుమ్మలపెంట వంటి మన నెల్లూరు తీరపు ఊళ్ళలో నలభై నిండని మనిషికి అది వస్తే? బీపీ లేదు, షుగరు లేదు, చుట్ట ముట్టడు. నిన్నటిదాకా వల లాగినవాడే. తెల్లవారేసరికి మూతి వంకర పోయింది, కుడిచెయ్యి లేవదు. గాలి సోకిందని కొందరు, చేతబడి అని కొందరు అంటారు. ఏ దాచిన పాపమోనని మన సంఘస్థులలోనే గుసగుసలు పుడతాయి. పుట్టుగ్రుడ్డివాని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న ఇంకా మన నోట ఉంది.

పాపం మాట అటుంచి, గుండె సంగతి చూద్దాం. తల్లి గర్భంలో శిశువు ఊపిరితిత్తులు పనిచేయవు. అందుచేత గుండె పై గదుల మధ్య గోడలో ఒక చిన్న తలుపు ఉండి, రక్తాన్ని కుడి నుండి ఎడమకు పోనిస్తుంది. పుట్టిన తరువాత అది అతుక్కుపోవాలి. కాని నలుగురిలో సుమారు ఒకరికి పూర్తిగా అతుక్కోదు. వారిలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా నూరేళ్ళూ బ్రతుకుతారు.

మామూలుగా కాలి నరంలో పుట్టిన చిన్న రక్తపు గడ్డను ఊపిరితిత్తులు జల్లెడలా ఆపుతాయి. గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువెత్తినా ఆ తలుపు క్షణకాలం తెరుచుకోవచ్చు. ఆ క్షణాన గడ్డ ఎడమకు దాటితే మెదడుకు పోగలదు. జర్మనీ వైద్యుడు కోన్‌హైమ్ 1877లోనే ఈ దారిని వివరించాడు.

దీన్ని కనిపెట్టే పరీక్ష విచిత్రంగా ఉంటుంది. సెలైను నీటిని కొంచెం గాలితో గిలకొట్టి చేతి నరంలోకి ఎక్కిస్తారు. రోగిని ముక్కమని చెప్పి, బుడగలు ఎడమ గదిలోకి దాటుతున్నాయా అని ఎకోలో చూస్తారు.

తలుపు కనబడినంత మాత్రాన దోషి దొరికినట్టు కాదు. మెదడు చిత్రం కూడా సాక్ష్యం చెప్పాలి. ముందుగా సీటీ స్కాను నరం చిట్లిందా, మూసుకుపోయిందా తేలుస్తుంది. తొలి గంటల్లో సీటీ మామూలుగా కనబడినా ఎమ్మారైలో దెబ్బ బయటపడవచ్చు. మెదడు పైపొరలో అక్కడక్కడ మచ్చలుంటే గడ్డ ఎక్కడినుండో కొట్టుకొచ్చిందని అనుమానిస్తారు. లోతున ఒకే చిన్న మచ్చ ఉంటే చాలాసార్లు బీపీ, షుగర్ల పనే. గుండె లయ, మెడ నరాలు కూడా చూడాలి. వేరే కారణం లేదని తేలాకే ఆ తలుపు మాట.

మూయడానికి రొమ్ము కోయనక్కరలేదు. తొడ నరం గుండా సన్నని గొట్టంతో చిన్న గొడుగు వంటి బిళ్ళను అమరుస్తారు. 2017లో వెలువడిన ఫ్రాన్సు పరిశోధనలో అరవై దాటనివారినే తీసుకున్నారు. మూయించుకున్న 238 మందిలో ఒక్కరికీ మళ్ళీ పక్షవాతం రాలేదు. మాత్రలతోనే ఉన్న 235 మందిలో 14 మందికి వచ్చింది. అందరికీ బిళ్ళ అవసరమని దీని భావం కాదు. ఇశ్రాయేలు ప్రధాని షారోన్‌కు 2005 డిసెంబరులో చిన్న పక్షవాతం వచ్చింది, గుండెలో ఇటువంటి రంధ్రం కనిపించింది. రక్తం పలచబడే మందు ఇచ్చి, మూయడానికి రోజు నిర్ణయించారు. ముందురోజే, 2006 జనవరి 4న, మెదడులో రక్తస్రావమైంది. రక్తం పలచన చేసే మందులను సొంతంగా వాడరాదని మేము పదేపదే చెప్పేది ఇందుకే.

పావురం రక్తం రుద్దుతూ కూర్చోకండి. గడ్డను కరిగించే సూది మొదటి నాలుగున్నర గంటలలోపే. మైపాడు నుండి నెల్లూరు దాదాపు 25 కిలోమీటర్లు. 108కి ఫోను చేయండి. చివరిసారి మనిషి ఎన్ని గంటలకు బాగున్నాడో గుర్తుపెట్టుకోండి, వైద్యుడు మొదట అడిగేది అదే. ఇంటికొచ్చాక స్కాను ఫిల్ములను వానకు తడవని చోట దాచండి.